మునిసిపాలిటీ లెక్కల మీద ప్రత్యేక ఆడిట్ అడగడం ఎలా, "మీకు అధికారం లేదు" అంటే ఏం చేయాలి

కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు లేచి "మూడేళ్ల లెక్కల మీద ఆడిట్ జరిపించండి" అంటాడు. "ఆడిట్ అడగడానికి నువ్వెవరయ్యా, నీకేం అధికారముంది?" అని అవతలి వరసలోంచి ఒకరు అరుస్తారు. కమిషనర్ గారు ఫైల్లోంచి తలెత్తకుండానే "ఇది కౌన్సిల్ పరిధిలోకి రాదండీ" అంటారు. ఇక పోడియం దగ్గరికి దూసుకెళ్లడాలు, ఎజెండా కాగితాలు చించి పైకి విసరడాలు, వాకౌట్. తెల్లారి జిల్లా పేజీలో "కౌన్సిల్‌లో రసాభాస" అని వార్త వస్తుంది, ఫొటో కూడా బాగానే పడుతుంది, ఆడిట్ మాత్రం రాదు. నెల్లూరు, ఒంగోలు వైపు పేపరు చదివేవాళ్లకు ఈ తంతు కొత్త కాదు. పార్టీలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ మాటలు మారవు, నిన్న అడిగినవాళ్లే ఇవాళ "అధికారం లేదు" అంటుంటారు.

నేను మునిసిపల్ ఆఫీసుల్లో అకౌంట్స్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. కౌంటర్ లోపలివైపు నుంచి చూస్తే ఒక విషయం బాగా తెలుస్తుంది. అరిచే సభ్యుడంటే ఆఫీసుకు భయం ఉండదు. కాగితం తెచ్చి, వచ్చిన ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, నకలు మీద ముద్ర కొట్టించుకుని వెళ్లే సభ్యుడంటేనే టెన్షన్. ఆ కాగితం ఎలా తయారు చేయాలో, ఎవరికి ఇవ్వాలో, కాదంటే తర్వాత ఏంటో ఇక్కడ చెబుతాను. కౌన్సిలర్లకే కాదు, ఊళ్లో ఇంటిపన్ను కట్టే ఎవరికైనా ఇందులో సగం పనికొస్తుంది.

అసలు గొడవంతా మూడు వేర్వేరు పనుల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వస్తుంది. ఆడిట్ చేయడం ఒకటి, చేయమని ఆదేశించడం ఇంకొకటి, చేయించండని కోరడం మరొకటి. మొదటిది ఆడిట్ శాఖ పని. రెండోది, మామూలు ఆడిట్ కాకుండా ప్రత్యేకంగా కావాలంటే, ప్రభుత్వం చేతిలో ఉంటుంది. మూడోది ఎవరైనా చేయొచ్చు, కౌన్సిల్ తీర్మానం చేసి కోరొచ్చు, ఒక్క సభ్యుడు ఉత్తరం రాసి కోరొచ్చు, రోడ్డు మీద టీ కొట్టు పెట్టుకున్నాయన అర్జీ పెట్టి కోరొచ్చు. కోరడానికి అధికారం అక్కర్లేదు. "ఆడిట్‌కు ఆదేశించాలి" అని మీరు అన్న క్షణంలోనే అవతలివాళ్లకు పాయింటు ఇచ్చినట్టు, ఎందుకంటే ఆదేశించే అధికారం కౌన్సిల్‌కు నిజంగానే లేదు. అదే "ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానించాలి" అన్నారనుకోండి, కాదనడానికి వాళ్లు చట్టంలో ఎక్కడ వెతుక్కోవాలో వాళ్లకే తెలియదు.

మొదలుపెట్టేముందు పాత రిపోర్టులు తెచ్చుకోండి

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, మీ మునిసిపాలిటీకి ఆడిట్ ఎలాగూ జరుగుతూనే ఉంటుంది. రాష్ట్ర ఆడిట్ శాఖ అని ఉంది, పెద్దవాళ్లు ఇప్పటికీ "లోకల్ ఫండ్ ఆడిట్" అనే అంటారు, 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ప్రకారం పంచాయతీలు, మునిసిపాలిటీలు, కార్పొరేషన్ల లెక్కలు చూసేది వీళ్లే. ఈ శాఖ పురపాలక శాఖ కింద ఉండదు, ఆర్థిక శాఖ కింద ఉంటుంది. అంటే మీ కమిషనర్‌కు పైఅధికారి ఎవరో ఆడిటర్‌కు పైఅధికారి ఆయన కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వీళ్లు వచ్చి చూసి అభ్యంతరాలు రాస్తారు. ఆఫీసు భాషలో వాటిని "పేరాలు" అంటారు. ఒక్కో పేరాకు కమిషనర్ జవాబు పంపాలి, జవాబు సరిపోతే ఆ పేరా ఎత్తేస్తారు, సరిపోకపోతే అలాగే పెండింగ్‌లో ఉంటుంది. పెండింగ్ పేరాల జాబితా అనేది ప్రతి మునిసిపాలిటీలోనూ ఉంటుంది, ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉంటుంది, రాసిన ఆడిటరూ రిటైరై ఉంటాడు, బిల్లు చేసిన మేనేజరూ రిటైరై ఉంటాడు. మీ కేసుకు కావలసిన ముడిసరుకంతా అక్కడే ఉంది. కౌన్సిల్‌లో నోరు విప్పేముందు అది చదవకపోతే, ఆల్రెడీ ఆడిట్ అయిన లెక్కల మీద ఆడిట్ అడిగినట్టై నవ్వులపాలవుతారు.

తెచ్చుకోవడం కష్టం కాదు. సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి, ఒకటి మునిసిపల్ ఆఫీసులో, ఇంకొకటి జిల్లా రాష్ట్ర ఆడిట్ ఆఫీసులో. రెండింట్లోనూ అడిగేది ఒకటే: ఫలానా ఆర్థిక సంవత్సరాల ఆడిట్ రిపోర్టులు, వాటికి కమిషనర్ పంపిన జవాబులు, ఈ రోజుకు పెండింగ్‌లో ఉన్న పేరాల జాబితా. ఎందుకు రెండు చోట్ల అంటారా? మునిసిపాలిటీ ఇచ్చిన జాబితా, ఆడిట్ ఆఫీసు ఇచ్చిన జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని పేరా కనపడితే మీ తీగ అక్కడ దొరికినట్టే. ఫీజు పది రూపాయలు, పోస్టల్ ఆర్డరో కోర్టు ఫీ స్టాంపో పెట్టొచ్చు, నగదు కట్టి రసీదూ తీసుకోవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పైఅధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నకళ్లు వందల పేజీలైతే డబ్బు దండగ, ముందు "రికార్డుల తనిఖీకి అనుమతించండి" అని అడగండి, ఆ హక్కు చట్టంలోనే ఉంది, మొదటి గంట ఉచితం. కూర్చుని చూసి, కావలసిన పేజీలకు గుర్తులు పెట్టుకుని అవే నకళ్లు తీసుకోండి.

మీరు కౌన్సిలర్ అయితే ఈ ఫీజు బాధ కూడా లేదు. 1965 మునిసిపాలిటీల చట్టంలో సభ్యుడికి వ్యక్తిగతంగా కొన్ని హక్కులున్నాయి, తీర్మానం ప్రతిపాదించడం, ప్రశ్నలడగడం, ముందుగా నోటీసిచ్చి ఆఫీసు వేళల్లో రికార్డులు చూడడం. పార్టీ విప్ ఎటున్నా ఈ హక్కులు మీవే. కాకపోతే నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి. "అన్నా, ఆ ఫైలు ఒకసారి చూపించు" అని సెక్షన్ క్లర్కు బల్ల దగ్గర నిలబడితే "సారు క్యాంపులో ఉన్నాడన్నా, రేపు రా" అనే జవాబే వస్తుంది, ఆ రేపు ఎప్పటికీ రాదు.

ఒక్క అంశం పట్టుకోండి, ఊరంతా పట్టుకోకండి

"మొత్తం లెక్కల మీద సమగ్ర విచారణ" అనే డిమాండు వినడానికి ఘనంగా ఉంటుంది గానీ దానంత సులువుగా బుట్టదాఖలయ్యేది ఇంకోటి లేదు. సమగ్రం అంటే పైవాళ్లకు "వార్షిక ఆడిట్ జరుగుతూనే ఉంది కదా" అని రెండు లైన్లలో జవాబు రాసే అవకాశం. ఒక్క ఖర్చు పద్దు, రెండు మూడేళ్లు, ఫలానా రికార్డులు అని గీత గీసి అడిగితే ఆ జవాబు కుదరదు.

మన వైపు ఊళ్లకు బాగా వర్తించే ఉదాహరణ తాగునీటి ట్యాంకర్లు. ఒంగోలుకు సాగర్ కుడి కాలువ నీళ్లొచ్చి సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నిండాలి, కాలువ కట్టేస్తే, ట్యాంకు అడుగంటితే శివారు కాలనీలకు ట్యాంకర్లే దిక్కు. మెట్ట ప్రాంతపు చిన్న పట్టణాల్లో వేసవి వచ్చిందంటే పొద్దుగూకులూ ట్యాంకర్లే. ఈ ఖర్చులో ఉన్న ఇబ్బంది ఏమిటంటే రోడ్డు వేస్తే రోడ్డు కనపడుతుంది, గుంత పడినా కొలవొచ్చు, నీళ్లు మాత్రం తాగేశాక కొలవడానికి ఏమీ మిగలదు. మిగిలేది కాగితమే. కాబట్టి కాగితాన్ని జాగ్రత్తగా చదవాలి.

ఉదాహరణకు ఒక ట్యాంకర్ ఒకే రోజులో పన్నెండు ట్రిప్పులు తిరిగినట్టు ట్రిప్ షీట్ ఉందనుకోండి. ఫిల్లింగ్ పాయింట్ దగ్గర నింపడానికి ఇరవై నిమిషాలు, కాలనీకి పోవడానికి పావుగంట, బిందెలన్నీ నింపేసరికి నలభై నిమిషాలు, తిరిగి రావడానికి ఇంకో పావుగంట. ట్రిప్పుకు గంటన్నర. పన్నెండు ట్రిప్పులంటే పద్దెనిమిది గంటలు, అదీ డ్రైవరు అన్నం తినకుండా, ఫిల్లింగ్ పాయింట్ దగ్గర క్యూ లేకుండా. ఇప్పుడు అదే రోజు ఫిల్లింగ్ పాయింట్ రిజిస్టరు తీయండి, అందులో ఆ బండి నంబరు ఎన్నిసార్లు పడిందో చూడండి. లాగ్ బుక్‌లో కిలోమీటర్ల రీడింగు చూడండి. జీపీఎస్ పెట్టామని చెప్పి దానికీ బిల్లు పెట్టి ఉంటే ఆ రిపోర్టు అడగండి. ట్రిప్ షీట్ల మీద కాలనీవాళ్ల సంతకాలుంటాయి, వాటిని వరసగా తిప్పండి, పదిమంది పేర్లు ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో, ఒకే ఒంపుతో ఉంటే ఇంక నేను చెప్పేదేముంది. మంచి వాన పడిన వారంలో ట్రిప్పులు తగ్గాయా లేదా అన్నది కూడా చూడండి. ఇవన్నీ చూడడానికి సీఏ చదవక్కర్లేదు, ఓపిక చాలు.

ఇదే పద్ధతి మిగతావాటికీ. డ్రైన్ల పూడికతీత బిల్లైతే ఎంబుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు, తీసిన మట్టి ఎక్కడ పోశారన్నది, జేసీబీ గంటలు. పారిశుద్ధ్యమైతే మస్టర్లు, అంటే కార్మికుల హాజరు పట్టీలు, పీఎఫ్ కట్టిన జాబితా, ఈ రెండింట్లో పేర్లు ఒకటేనా. ఇంటిపన్నైతే డీసీబీ రిజిస్టరు, అంటే డిమాండు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత, వసూలైన డబ్బు బ్యాంకులో ఏ రోజు పడింది. పన్ను వసూలుకూ జమకూ మధ్య వారాల ఎడం ఉంటే ఆ వారాల్లో డబ్బు ఎవరి జేబులో తిరిగిందనేది ఆడిట్‌లో తేలాల్సిన ప్రశ్న.

వరదల టైములో చేసిన ఖర్చులు వేరే జాతి. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు నెల్లూరు జిల్లా ఎంత అవస్థ పడిందో అందరికీ తెలుసు, అలాంటప్పుడు టెండరు పిలిచేంత వ్యవధి ఎవరికీ ఉండదు, నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా ఒకరికి, పనులిస్తారు, తప్పు కూడా కాదు. తర్వాత మామూలు సమావేశంలో ఆ ఖర్చును ర్యాటిఫికేషన్‌కు, అంటే అయిపోయిన ఖర్చుకు ఆమోదం కోసం, పెడతారు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మీరు ఇవాళ ఆడిట్ అడుగుతున్న బిల్లు, పోయినేడు ఎజెండాలో ముప్పై అంశాల మధ్యలో వచ్చినప్పుడు "ఆమోదం, ఆమోదం" అని చేయెత్తినవాళ్లలో మీరూ ఉన్నారేమో మినిట్స్ బుక్ తీసి చూసుకోండి. ఉంటే ఆగిపోవాలని కాదు. అడగండి, కానీ "అప్పుడు ఈ రికార్డులు మా ముందు పెట్టలేదు" అనే మాట తీర్మానంలోనే రాయండి, ఎందుకంటే అవతలివాళ్లు మొదట తీసేది ఆ పేజీయే.

కాగితం రాయడం

ఊకదంపుడు వద్దు, "అవినీతి", "దోపిడీ", "కోట్ల కుంభకోణం" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. అవి ప్రెస్‌మీట్‌లో వాడుకోండి, అదీ పరువునష్టం కేసుకు సిద్ధపడి. తీర్మానంలో మాత్రం రికార్డులో ఉన్నది, రికార్డులో లేనిది, మీరు కోరేది, అంతే. నమూనా ఇలా ఉంటుంది:

"విషయం: తాగునీటి ట్యాంకర్ల అద్దె, డీజిల్ ఖర్చులపై ప్రత్యేక ఆడిట్ కోరుట గురించి. ఫలానా ఆర్థిక సంవత్సరాలలో చెల్లించిన ట్యాంకర్ బిల్లులకు సంబంధించి ట్రిప్ షీట్లు, లాగ్ బుక్కులు, ఫిల్లింగ్ పాయింట్ రిజిస్టరు తనిఖీకి చూపలేదని ఆడిట్ రిపోర్టు ఫలానా పేరాలో నమోదై, నేటికీ పరిష్కారం కానందున, సదరు ఖర్చులపై రాష్ట్ర ఆడిట్ శాఖ ద్వారా ప్రత్యేక ఆడిట్ జరిపించవలసిందిగా ప్రభుత్వాన్ని కోరుటకు, ఈ తీర్మానం నకలును పురపాలక శాఖ డైరెక్టరుకు, రాష్ట్ర ఆడిట్ డైరెక్టరుకు పదిహేను రోజులలోగా పంపవలసిందిగా కమిషనరును కోరుటకు, ఆడిట్ పూర్తయ్యే వరకు సదరు రికార్డులను భద్రపరచుటకు కౌన్సిల్ తీర్మానించడమైనది."

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క చివరిది, రికార్డులు భద్రపరచడం. మిగతాదంతా కొట్టేసినా ఆ ఒక్కటి నెగ్గించుకోండి. ఆడిట్ మాట బయటికి రాగానే స్టోర్ రూములో చెదలు పడతాయి, వాన నీళ్లు కారతాయి, షార్ట్ సర్క్యూట్లు అవుతాయి. మన ఆఫీసుల్లో నిజంగా వాన కారుతుంది కూడా, అదే చిక్కు, ఏది నిజమో ఏది కాదో తేల్చలేం.

ప్రతిపాదకుడు ఒకరు, బలపరిచేవారు ఒకరు సంతకం చేసి, సమావేశానికి బాగా ముందు ఇవ్వండి. ఎజెండా పంచేశాక ఇచ్చి "టేబుల్ ఐటమ్‌గా (ఎజెండాలో లేకపోయినా అప్పటికప్పుడు) తీసుకోండి" అంటే తీసుకోకపోవడానికి వాళ్లకు సాకు మీరే ఇచ్చినట్టు. కాగితం కమిషనర్‌కూ చైర్‌పర్సన్‌కూ ఇద్దరికీ ఇవ్వండి, ఒకరి మీద ఒకరు చెప్పుకోకుండా ఉంటుంది. ఎజెండాలో లేని సంగతులు మాట్లాడే జీరో అవర్‌లో మాట్లాడింది మాట్లాడినట్టే పోతుంది, దాన్ని నమ్ముకోకండి.

"అధికారం లేదు" అన్నప్పుడు

ముందు ఆ మాట అన్నదెవరో చూడండి. తోటి సభ్యుడు అంటే పట్టించుకోనక్కర్లేదు. చైర్‌పర్సనో మేయరో అంటే, "అంశం తిరస్కరిస్తున్నానని, ఏ సెక్షన్ ప్రకారమో మినిట్స్‌లో రాయించండి" అని మర్యాదగా అడగండి. గొంతు పెంచకుండా అడగడమే మంచిది, గొంతు పెంచితే చర్చ సెక్షన్ మీద నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది. కమిషనర్ అంటే, అదే రోజు సాయంత్రం ఒక ఉత్తరం ఇవ్వండి: "ఇవాళ సమావేశంలో ఈ అంశం కౌన్సిల్ పరిధిలోకి రాదని తమరు తెలియజేశారు, ఏ చట్టంలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలుపగలరు." నోటితో "లేదు" అనడం సులువు. కాగితం మీద సంతకం పెట్టి "లేదు" అనాలంటే చట్టం పుస్తకం తెరవాలి, తెరిస్తే కోరడాన్ని నిషేధించే వాక్యం దొరకదు.

మెజారిటీ వాళ్లదై తీర్మానం ఓడిపోతే అసమ్మతి నమోదు చేయించండి. మునిసిపాలిటీల్లో ఎమ్మెల్యే, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే పదవి రీత్యా సభ్యులుగా, ఓటు వేస్తారని లెక్క వేసుకునేటప్పుడు మరిచిపోకండి, నాలుగైదు ఓట్ల తేడా ఉన్న కౌన్సిళ్లలో కథంతా అక్కడే తిరుగుతుంది. నెగ్గితే మాత్రం సంబరపడి ఇంటికి పోకండి. తీర్మానాన్ని పైకి పంపాల్సింది కమిషనరే, ఆయన పంపకుండా ఫైలు కింద పెట్టేయొచ్చు, పంపినా "ఇది చట్టవిరుద్ధం, రద్దు చేయండి" అని నోట్ పెట్టి పంపొచ్చు. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అందుకని తీర్మానం సర్టిఫైడ్ నకలు అడిగి తీసుకుని, మీ కవరింగ్ లెటర్‌తో మీరే రిజిస్టర్డ్ పోస్టులో డైరెక్టర్లిద్దరికీ పంపేయండి.

మీ ఊరు మునిసిపాలిటీయా కార్పొరేషనా అన్నది కూడా చూసుకోవాలి. నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లు, వాటికి మొదట హైదరాబాద్ కోసం చేసిన 1955 నాటి చట్టం వర్తిస్తుంది. కావలి లాంటి మునిసిపాలిటీలకు, చీమకుర్తి లాంటి నగర పంచాయతీలకు 1965 చట్టం. కార్పొరేషన్‌లో కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ మూడూ వేర్వేరు అధికార కేంద్రాలు, ఒకరి పరిధి ఒకరు దాటారనే తగాదా అక్కడే ఎక్కువ. నెల్లూరులో హడ్కో (కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ) రుణంతో తాగునీరు, భూగర్భ డ్రైనేజీ పనులు చేసినట్టుగా పెద్ద ప్రాజెక్టులైతే ఇంకో మెలిక, పని చేయించింది కార్పొరేషనా లేక పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ శాఖా అన్నది ముందు తేల్చుకోవాలి. వేరే శాఖ చేయించిన పనికి బిల్లులు కార్పొరేషన్ లెక్కల్లో దొరకవు, ఉత్తరం ఆ శాఖకే పోవాలి. ప్రత్యేక సమావేశం పెట్టించడానికి ఎంతమంది సంతకాలు కావాలి, నోటీసు ఎన్ని రోజుల ముందు అన్నవి మీకు వర్తించే చట్టంలోంచే తీసుకోండి, పక్క ఊరి కౌన్సిలర్ చెప్పాడని కాదు.

ఇక "కాగ్ ఆడిట్ కావాలి" అనే నినాదం. కాగ్ అంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. ఫ్లెక్సీ మీద బాగుంటుంది. మునిసిపాలిటీల ఆడిట్ ఎలా జరగాలో చెప్పే పని రాజ్యాంగం 243జెడ్ అధికరణం కింద రాష్ట్ర శాసనసభది. కాగ్ సంస్థ స్థానిక సంస్థల ఆడిట్‌కు సాంకేతికంగా మార్గదర్శనం చేస్తుంది, గ్రాంట్ల రూపంలో పెద్ద మొత్తాలు అందుకున్న సంస్థల లెక్కలు కొన్ని షరతులతో చూస్తుంది. 1971 కాగ్ చట్టంలో 20వ సెక్షన్ ఉంది, దాని ప్రకారం గవర్నర్, అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వం, కోరితే ఒక సంస్థ ఆడిట్ కాగ్ చేపడుతుంది. కౌన్సిల్ నేరుగా కాగ్‌ను పిలవలేదు. పిలవమని ప్రభుత్వాన్ని కోరొచ్చు, మళ్లీ అదే మాట, కోరొచ్చు.

ప్రైవేటు సీఏతో (చార్టర్డ్ అకౌంటెంటుతో) చేయిద్దాం అనేవాళ్లూ ఉంటారు. దానికి ఫీజు మునిసిపల్ నిధుల్లోంచే పోవాలి, ఆ ఖర్చుకు మళ్లీ మంజూరు కావాలి, అదంతా అయ్యాక వచ్చే రిపోర్టుకు సలహా విలువే తప్ప డబ్బు రాబట్టే బలం ఉండదు. రాష్ట్ర ఆడిట్‌కు ఆ బలం ఉంది, సర్‌చార్జి అంటారు. అక్రమంగా చెల్లించిన మొత్తాన్ని బాధ్యుల దగ్గర్నుంచి, వాళ్ల వివరణ విన్న తర్వాత, వసూలు చేయించొచ్చు. చెల్లించినవాళ్లకే కాదు, చెల్లించడానికి అనుమతిచ్చినవాళ్లకూ అది తగలొచ్చు, అందుకే ఇందాక మినిట్స్ బుక్ చూసుకోమన్నది.

పై ఆఫీసును కదిలించడానికి ఇంకో మాట పనికొస్తుంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు తీసుకోవాలంటే పట్టణ సంస్థలు తమ వార్షిక లెక్కలు, ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టాలని షరతు పెట్టారు. సిటీ ఫైనాన్స్ పోర్టల్‌లో మీ ఊరి లెక్కలు వెతికి చూడండి. అక్కడున్న అంకె, బడ్జెట్ సమావేశంలో మీకు పంచిన పుస్తకంలో అంకె కలవకపోతే, ఆ రెండు పేజీలూ మీ ఉత్తరానికి జత చేయండి.

కౌన్సిలర్ కానివాళ్లకు

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు నంబరు దాచుకోండి. అర్జీ తిరిగి తిరిగి అదే కమిషనర్ దగ్గరికి "తగు చర్య నిమిత్తం" అని వస్తుంది, అది మామూలే, విసుగుపడకండి. అది వచ్చాక ఆయన జవాబు రాసి తీరాలి, ఆ జవాబు నకలును సమాచార హక్కు కింద మీరు అడగొచ్చు. జిల్లా ఆడిట్ అధికారికి కూడా విడిగా రాయండి. మామూలు ఆడిట్‌కు వచ్చే టీము ముందుగా షెడ్యూలు వేసుకుంటుంది, వాళ్లు రాకముందే "ఫలానా నెల, ఫలానా ఓచర్లు, ఈ కారణం వల్ల జాగ్రత్తగా చూడగలరు" అని ఒక్క పేజీ ఉత్తరం అందితే అది ప్రత్యేక ఆడిట్ చేసే పనిలో సగం చేసేస్తుంది, పైగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా తక్కువ వాడుతున్న దారి ఇదే.

లంచం తీసుకున్నట్టు, దొంగ బిల్లు పెట్టినట్టు గట్టి ఆధారం ఉంటే ఆడిట్ దాకా ఆగక్కర్లేదు, ఏసీబీ ఉంది, విజిలెన్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఉంది, లోకాయుక్త ఉంది. కానీ అనుమానానికీ ఆధారానికీ తేడా తెలుసుకుని పోండి. హైకోర్టులో రిట్ వేయాలన్నా జడ్జి గారు మొదట అడిగేది "మీరు అర్జీ ఇచ్చారా, దానికి ఏం చెప్పారు" అనే, కాబట్టి ఇందాకటి నుంచి ముద్రలు కొట్టించుకున్న కాగితాలన్నీ అక్కడ పనికొస్తాయి.

కౌన్సిల్ గడువు అయిపోయి ప్రత్యేకాధికారి పాలన వచ్చినప్పుడు కూడా ఇదంతా ఆగదు. ఒంగోలు 2012లో కార్పొరేషన్ అయింది, ఎన్నికైన కౌన్సిల్ మాత్రం 2021 ఎన్నికలతోగానీ రాలేదు, అన్నేళ్లూ తీర్మానాలు చేయడానికి సభ్యులు లేకపోయినా లెక్కలున్నాయి, ఆడిట్ ఉంది. అలాంటి కాలంలో కౌన్సిల్ అధికారమూ కమిషనర్ అధికారమూ అధికారుల చేతిలోనే ఉంటాయి, అడిగే గొంతు లోపల ఉండదు, కాబట్టి బయటి అర్జీలకే పని ఎక్కువ. ప్రత్యేకాధికారి పేరు మీదే రాయండి, నకలు ఆడిట్ ఆఫీసుకు పెట్టండి. గడువు ముగిసే ముందు ఆఖరి సమావేశంలో కుప్పగా పెట్టే అంశాలు, ఆ నెలలో పాసైన బిల్లులు, వీటి జాబితా మాత్రం కౌన్సిల్ దిగిపోయిన వారంలోనే సమాచార హక్కు కింద అడిగేయండి, ఎందుకంటే సెక్షన్ క్లర్కులకు బదిలీలయ్యాక ఆ ఫైళ్లు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పేవాళ్లు ఉండరు.